లాట్ల వరుస: మార్కెట్ పరిశోధన లెక్కలోకి తీసుకోని అంశం

ఒకే రోజు, ఒకే యార్డుకు, ఒకే రకం మిర్చిని దాదాపు ఒకే తేమతో, ఒకే రంగుతో తెచ్చిన ఇద్దరు రైతులకు క్వింటాలుకు వేర్వేరు ధరలు పలకడం మార్కెట్లతో పరిచయమున్న వారెవరికీ కొత్త కాదు. కారణం విచారిస్తే తేమ, తాలు, మచ్చ, గ్రేడింగ్ లోపం అన్న సమాధానాలు వస్తాయి. విస్తరణ శిక్షణలలో బోధించేదీ ఇదే. ఇందులో అసత్యమేమీ లేదు. అయితే సరుకులో ఎక్కడా కనిపించని కారణం మరొకటి ఉంది. అది ఆ లాటు పాటకు వచ్చిన వరుస. పాట మొదలైన అరగంటలో అమ్ముడైన లాటుకూ, మధ్యాహ్నం చివరన మిగిలిన లాటుకూ మధ్య వచ్చే తేడా పంటలోనిది కాదు, రైతు చేతిలోనిదీ కాదు. దానిని కొలిచే ప్రయత్నం వ్యవసాయ మార్కెటింగ్ పరిశోధనలో జరగవలసినంతగా జరగలేదు.

వరుసకు ఇంత బలం రావడానికి మూలం కొనుగోలుదారుని శక్తికి ఒక రోజులో ఉండే హద్దు. ఖరీదుదారు చేతిలోని పెట్టుబడికి ఒక పరిమితి ఉంటుంది. లారీకి, గోదాముకు, ఎగుమతిదారు ఇచ్చిన ఆర్డరుకు కూడా అంతే. హమాలీలు ఒక పూటలో ఎత్తగలిగిన బస్తాలకు సైతం లెక్క ఉంది. ఉదయం వచ్చిన లాట్లతోనే ఆ హద్దు నిండితే, మధ్యాహ్నం పాటలో ఆ వ్యాపారి నిలబడి ఉన్నా లేనట్టే. ఏ లాటును ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం, తరువాత రాబోయే లాట్లు ఏవో తెలియకుండానే, అక్కడికక్కడ జరిగిపోతుంది. జరిగిన అమ్మకాన్ని వెనక్కి తీసుకోవడానికి వీలుండదు.

ఈ స్థితికి గణకశాస్త్రంలో ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. వస్తువులు ఒకదాని తరువాత ఒకటి వస్తుండగా, ముందు ఏమి రానున్నదో తెలియకుండా, ప్రతి వస్తువునూ వచ్చిన వెంటనే ఒక కొనుగోలుదారుకు జతపరచడమెలా అన్న ప్రశ్నకు 1990లో రిచర్డ్ కార్ప్, ఉమేశ్ వజిరాని, విజయ్ వజిరాని ఒక సమాధానం ఇచ్చారు. 2005లో ఆరణ్యక్ మెహతా, అమీన్ సబేరీ, వజిరాని సోదరులు దానిని ఇంటర్నెట్ ప్రకటనల వేలానికి విస్తరింపజేశారు. అక్కడ లాటు స్థానంలో ఉన్నది వెతుకులాట ఫలితాల పక్కన ప్రకటనకు దొరికే చోటు. ప్రకటనదారు రోజువారీ బడ్జెట్టు ఖరీదుదారుని పెట్టుబడి వంటిది. రెండింటి నిర్మాణం ఒకటే. ప్రకటనల వేలం మీద వచ్చిన పత్రాలకు లెక్క లేదు. అదే నిర్మాణం గల మిర్చి యార్డు మాత్రం ఆ సిద్ధాంతకారుల దృష్టికి పెద్దగా రాలేదు, ఆ సిద్ధాంతం వ్యవసాయ శాస్త్రజ్ఞుల దృష్టికీ రాలేదు.

ఒక చిన్న లెక్కతో విషయం స్పష్టమవుతుంది. అంకెలు కేవలం సౌలభ్యం కోసం ఎంచుకున్నవి. ఒక యార్డులో ఇద్దరు ఖరీదుదారులు ఉన్నారనుకోవాలి. లారీ పరిమితి వల్ల ఒక్కొక్కరు ఆ రోజు పది లాట్లకు మించి కొనలేరు. ఉదయం పది లాట్ల తేజ రకం పాటకు వచ్చింది. మొదటి వ్యాపారి లాటుకు 10,100 రూపాయలు, రెండవ వ్యాపారి 10,000 రూపాయలు ఇవ్వజూపారు. హెచ్చు పాట ప్రకారం పదీ మొదటి వ్యాపారికే దక్కాయి. అతని లారీ నిండింది. మధ్యాహ్నం మరొక రకం పది లాట్లు వచ్చాయి. దానికి గిరాకీ ఉన్నది మొదటి వ్యాపారి వద్ద మాత్రమే, ధర 10,000. కాని కొనడానికి అతనికి చోటు లేదు. ఆ పది లాట్లూ మిగిలిపోయాయి. రోజు మొత్తం అమ్మకం 1,01,000 రూపాయలు. ఉదయపు లాట్లను రెండవ వ్యాపారికే ఇచ్చి ఉంటే మొత్తం 2,00,000 అయ్యేది. లాటుకు వంద రూపాయల చొప్పున ఎక్కువ రాబట్టిన పద్ధతి, యార్డు మొత్తం మీద సుమారు సగం విలువను పోగొట్టింది.

ప్రతి లాటునూ ఆ క్షణాన హెచ్చు పాట పాడిన వారికే ఇచ్చే ఈ తీరును గణకశాస్త్రం గ్రీడీ పద్ధతి అంటుంది. వరుస ఎంత ప్రతికూలంగా ఉన్నా, అన్నీ ముందే తెలిసి చేసిన పంపకంలో కనీసం సగం విలువ ఈ పద్ధతికి దక్కుతుందని నిరూపితమైంది. పై ఉదాహరణ వంటి సందర్భాల్లో అంతకు మించి దక్కదని కూడా తేలింది. 2005 నాటి పరిశోధన చూపిన మార్గం వేరు. అందులో పాటను మాత్రమే చూడరు. ఆ పాటదారు శక్తిలో ఇంకా ఎంత మిగిలి ఉందో కూడా తూచి, సగం నిండిన వారి పాటకు కొంత తరుగు వేసి పోలుస్తారు. పాటలు బడ్జెట్టుతో పోలిస్తే చిన్నవైనప్పుడు ఈ విధానం 63 శాతం విలువకు హామీ ఇస్తుంది. ముందు ఏమి వస్తుందో బొత్తిగా తెలియని స్థితిలో ఇంతకు మించిన హామీని ఏ విధానమూ ఇవ్వజాలదు. పై ఉదాహరణకు దీనిని అన్వయిస్తే ఉదయపు లాట్లు ఇద్దరికీ చెరి ఐదు వెళ్తాయి. మధ్యాహ్నం మొదటి వ్యాపారి మరో ఐదు కొనగలుగుతాడు. మొత్తం 1,50,500 రూపాయలు.

ఇంతవరకు చదివిన వారికి, ఈ విధానాన్ని యార్డు కంప్యూటర్లలో ఎక్కిస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన రావచ్చు. అది పొరపాటు. ప్రకటనల వేలంలో చోట్లన్నీ ఒకే సంస్థవి. ఒక చోట వంద తగ్గినా మరొక చోట పదివేలు వస్తే ఆ సంస్థకు లాభమే. యార్డులో ప్రతి లాటుకూ వేరొక యజమాని ఉన్నాడు. ఉదయపు ఐదుగురు రైతులకు హెచ్చు పాట చేతికందుతున్నా కాదని, తక్కువ పాడిన వ్యాపారికి సరుకు ఇప్పించడమంటే, ఒకరి జేబులో నుంచి వంద రూపాయలు తీసి ఇంకొకరి పంట అమ్మించడమే. మొత్తం విలువ పెరిగిందన్న వాదనతో ఆ రైతును ఒప్పించలేరు, ఒప్పించనవసరమూ లేదు. హెచ్చు పాట తనకే దక్కాలన్నది వేలంలో రైతుకున్న మొదటి హక్కు. గణన విధానాలను వ్యవసాయానికి తెచ్చే ఉత్సాహంలో ఇటువంటి యాజమాన్య భేదాన్ని మరచిపోవడం తరచుగా జరుగుతున్నది. యార్డు మొత్తం రాబడిని గరిష్ఠం చేశామని చెప్పే నమూనా ఏదైనా, ఎవరి రాబడి తగ్గించి అన్న ప్రశ్నకు సమాధానం చెప్పకుండా పొలం గట్టు దాటి రాకూడదు.

అయితే అదే శాస్త్రంలో యార్డుకు తగిన ఫలితం మరొకటి ఉంది. దానికి రావలసిన ప్రచారం రాలేదు. 2008లో గగన్ గోయల్, ఆరణ్యక్ మెహతా ఒక సంగతి నిరూపించారు. వస్తువులు వచ్చే వరుస యాదృచ్ఛికమైతే, అంటే చీటీ తీసి నిర్ణయించినట్లయితే, హెచ్చు పాటకే ఇచ్చే మామూలు గ్రీడీ పద్ధతికి కూడా సగటున అదే 63 శాతం హామీ లభిస్తుంది. పై లెక్కలో ఇరవై లాట్లనూ కలిపి చీటీ తీసిన వరుసలో పాటకు పెడితే, మొదటి పది లాట్లను మొదటి వ్యాపారి కొంటాడు. వాటిలో సగటున ఐదు తేజ, ఐదు రెండవ రకం. మిగిలిన ఐదు తేజ లాట్లు రెండవ వ్యాపారికి వెళ్తాయి. సగటు మొత్తం 1,50,500 రూపాయలు. పాటలకు తరుగు వేసి, రైతుకు హెచ్చు పాటను నిరాకరించి సాధించిన మొత్తం ఎంతో, ఎవరి హక్కునూ తాకకుండా కేవలం వరుస మార్చి సాధించిన మొత్తమూ అంతే. ఐదు లాట్లు అమ్ముడుకాకుండా మిగలడం రెండింటిలోనూ ఉంది. చీటీ కొత్త కొనుగోలుదారులను సృష్టించదు. కాని మిగిలిపోయే వంతు రోజూ ఒకే తరగతి రైతులపై పడకుండా చూస్తుంది.

నిజమైన పాటలో నష్టం ఈ లెక్క చూపిన దానికన్నా ఎక్కువే ఉండవచ్చు. సిద్ధాంతం ప్రతి వ్యాపారి పాటను స్థిరమైన అంకెగా తీసుకుంటుంది. పైకి పాడే బహిరంగ వేలంలో పాట స్థిరం కాదు. ఎదుటివాడు ఉన్నంతవరకే పెరుగుతుంది. ఒకరి లారీ నిండి తప్పుకున్న మరుక్షణం, మిగిలిన వ్యాపారి పదివేలు పెట్టగలిగి ఉండీ ఎనిమిదివేల వద్దే ఆగిపోతాడు. ఆ వేళకు వరుసలో మిగిలి ఉన్న రైతు, అమ్ముడుకాలేదన్న బాధకు బదులు తక్కువకు అమ్ముకున్నానన్న బాధతో ఇంటికి వెళ్తాడు. ధరల పట్టికలో అది నాణ్యత భేదంగానే నమోదవుతుంది.

ముందు వచ్చినవారికి ముందు అన్న నియమం న్యాయమైనదన్న అభిప్రాయం రైతులలోనూ అధికారులలోనూ బలంగా ఉంది. దానిని తేలికగా తోసిపుచ్చడానికి వీలులేదు. రాత్రంతా టార్పాలిన్ కింద సరుకు పక్కనే పడుకున్న రైతుకు, తెల్లవారాక వచ్చిన వానితో సమానంగా చీటీ తీయడం అన్యాయంగానే తోస్తుంది. అయితే ముందు వచ్చేవారు ఎవరన్నది గమనించవలసి ఉంది. సొంత ట్రాక్టరు ఉన్నవారు, యార్డుకు దగ్గరి గ్రామాలవారు, కమీషన్ ఏజెంటుతో ముందే మాట్లాడుకుని షెడ్డులో చోటు దొరికించుకున్నవారు ముందు వస్తారు. అద్దె బండి కోసం వేచి ఉన్న కౌలురైతు, దూరపు మండలం నుంచి వచ్చే చిన్న రైతు వెనుకబడతారు. ముందు రావడమన్నది శ్రమకు గుర్తు కావడం కన్నా సౌకర్యానికి గుర్తు కావడమే ఎక్కువ. గేటు మూసే వేళలోపు నమోదైన లాట్లన్నిటికీ సమానంగా చీటీ తీస్తే, రాత్రి నుంచే పడిగాపులు పడవలసిన అవసరమూ తగ్గుతుంది. టమాటా వంటి సరుకుకు మాత్రం ఇది ఇదే రూపంలో పనికిరాదు. కోసిన పండు మధ్యాహ్నం వరకు చీటీ కోసం ఆగదు. అక్కడ గంట గంటకు వచ్చిన బండ్లను చిన్న జట్లుగా చేసి, జట్టులోపల మాత్రమే చీటీ తీయడం సాధ్యమవుతుందేమో పరీక్షించి చూడవలసి ఉంది.

సిద్ధాంతంలో వరుసను ప్రతికూలంగా అమర్చే ఒక ఊహాత్మక ప్రత్యర్థి ఉంటాడు. హామీని కఠినంగా కొలవడం కోసం గణితజ్ఞులు సృష్టించిన పాత్ర అది. యార్డులో వరుసను అమర్చేది ఊహాత్మక వ్యక్తి కాదు. ఆ అమరికలో స్వప్రయోజనం ఉన్న మనుషులే అక్కడ ఉండే అవకాశం ఉంది. తెలంగాణలోని వరంగల్, ఖమ్మం యార్డులలో వాడుకలో ఉన్న జెండా పాట ఇందుకు ఆలోచింపజేసే ఉదాహరణ. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన లాటును మొదట ఎంచి, జెండా పట్టుకుని పాట పాడతారు. ఆ ధరే మరునాడు పత్రికలలో వస్తుంది. తరువాతి లాట్ల ధర దానిని చూసి, దానికి తరుగు వేస్తూ తేలుతుంది. జెండా పాట చూసి ఆశతో బండి కట్టిన రైతుకు అందులో వేలకు వేలు తగ్గిందన్న ఫిర్యాదు ప్రతి సీజనులో వినిపించేదే. ఆ తగ్గుదలలో నాణ్యత వాటా ఎంత, వరుస వాటా ఎంత అన్నది విడదీసి చెప్పగల సమాచారం నేడు ఎవరి వద్దా లేదు. మొదటి లాటును ఎంపిక చేయకుండా చీటీ ద్వారా తీసి పాడిస్తే, పత్రికలో వచ్చే ధర కొంత చిన్నబోవచ్చు గాని రైతుకు దారిచూపే ధరగా మాత్రం మెరుగ్గా ఉంటుంది.

ఇక 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఇ-నామ్ విషయం. ఇక్కడ మాటల తికమక ఒకటి ఉంది. గణకశాస్త్రంలో ఆన్‌లైన్ అంటే ఇంటర్నెట్ ద్వారా అని కాదు, ముందు రాబోయేది తెలియకుండా అప్పటికప్పుడు నిర్ణయించడం అని అర్థం. ఇ-నామ్‌లో లాట్లన్నీ గేటు వద్ద నమోదై, నిర్ణీత గడువులోపు వ్యాపారులు ఒకరికి తెలియకుండా ఒకరు ధరలు నమోదు చేసి, గడువు ముగిశాక ఫలితం ఒక్కసారిగా వెల్లడవుతుంది. ఆ శాస్త్ర పరిభాషలో ఇది ఆఫ్‌లైన్ వేలం. నోటి పాటయే అసలైన ఆన్‌లైన్. హాస్యానికి చెప్పినట్లున్నా దీని ప్రయోజనం నిజమైనది. అన్ని లాట్లూ ఒకేసారి ముందున్నప్పుడు వరుస వల్ల కలిగే నష్టం సిద్ధాంతరీత్యా పోవాలి.

అది పూర్తిగా పోకుండా అడ్డుపడేది వ్యాపారికి ఎదురయ్యే మరొక అనిశ్చితి. పది లాట్లకు మాత్రమే శక్తి ఉన్న వ్యాపారి వంద లాట్లకు మంచి ధర నమోదు చేస్తే, నలభై తనకే దక్కవచ్చు. వాటికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ భయంతో అతడు పది, పదిహేను లాట్లకే ధర వేస్తాడు, లేదా అన్నిటికీ తగ్గించి వేస్తాడు. రెండింటిలోనూ పోటీ పలచబడుతుంది, రైతే నష్టపోతాడు. దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. ధరలతో పాటు, ఆ రోజు తాను కొనగలిగిన గరిష్ఠ పరిమాణాన్ని కూడా వ్యాపారి నమోదు చేసే వీలు కల్పించాలి. ఆ హద్దు దాటకుండా లాట్లను పంచే పని యంత్రం చేయగలదు. అప్పుడు వ్యాపారి ఎన్ని లాట్లకైనా నిర్భయంగా తన అసలు ధర వేయగలుగుతాడు. హద్దు నిండిన వ్యాపారి పాట ఏ లాటుకు వర్తించకుండా పోవాలన్నది చీటీతోనే తేల్చవచ్చు. వ్యాపారులు కుమ్మక్కైతే ఈ ఏర్పాటు కూడా నిష్ఫలమేనన్న అభ్యంతరం సరైనదే. పాటలు నిజాయితీగా పడతాయన్న ఊహ మీదనే ఈ సిద్ధాంతమంతా నిలిచి ఉంది. కుమ్మక్కును ఛేదించేది గణితం కాదు. అందుకు కొత్త కొనుగోలుదారులు, లైసెన్సుల సరళీకరణ, నిఘా కావాలి. కాని కుమ్మక్కు ఉన్న చోట కూడా అది ఏ వేళకు, ఎన్నవ లాటు నుంచి మొదలైందో తెలిస్తే తప్ప నిఘాకు ఆధారం దొరకదు.

పాట నచ్చకపోతే సరుకు ఇవ్వననే హక్కు రైతుకు ఉన్నదన్న వాదన తరచుగా ముందుకు వస్తుంది. ఇ-నామ్‌లోనూ, పొగాకు వేలం కేంద్రాలలోనూ ఆ హక్కు ఉన్నమాట నిజం. గుంటూరు పరిసరాలలో శీతల గిడ్డంగులు ఉన్నందువల్ల మిర్చి రైతుకు ఆ హక్కుకు కొంత బలం కూడా ఉంది. తడిసే ప్రమాదమున్న మొక్కజొన్నతో, తిరుగు ప్రయాణానికి బండి కిరాయి లేకుండా నిలబడిన రైతుకు అది కాగితం మీది హక్కే. రేపటి ధర తెలియకుండా నేటి ధరను కాదనడం కూడా అనిశ్చితిలో తీసుకునే నిర్ణయమే. పేదవానికి ఆ అనిశ్చితిని మోసే స్తోమత తక్కువ.

ఈ వాదనలన్నిటినీ అంకెలతో పరీక్షించడానికి అడ్డుగా ఉన్నది సమాచారం. అగ్‌మార్క్‌నెట్ వంటి వ్యవస్థలు ప్రతి యార్డు నుంచి వచ్చిన సరుకు పరిమాణాన్ని, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలను ప్రకటిస్తాయి. విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలు ఈ మూడు ధరల మీదే ఆధారపడి కాలశ్రేణులు, రుతు సూచికలు గణిస్తున్నాయి. కనిష్ఠ ధరకూ గరిష్ఠ ధరకూ మధ్య జరిగిందేమిటో వాటి నుంచి ఎంత లోతుగా విశ్లేషించినా బయటపడదు. లాటు ఏ వేళకు పాటకు వచ్చింది, వరుసలో ఎన్నవది, ఎందరు పాడారు అన్న మూడు విషయాలు చేరితే పరిస్థితి మారుతుంది. ఇ-నామ్ యార్డులలో పాడినవారి సంఖ్య, నమోదు వేళ యంత్రంలోనే ఉంటాయి. నోటి పాట జరిగే చోట ఒక విద్యార్థి పుస్తకం, గడియారం పట్టుకుని పాట వెంట నడిస్తే చాలు. వ్యవసాయ కళాశాలల చివరి సంవత్సరపు విద్యార్థులు గ్రామాలలో గడిపే నెలల్లో ఈ పనికి రెండు వారాలు కేటాయించడం భారం కాదు.

అటువంటి నమోదులో ఒక జాగ్రత్త అవసరం. ముందు వచ్చిన లాట్లకు ఎక్కువ ధర పలికిందని తేలినంత మాత్రాన వరుసే కారణమని నిర్ణయించరాదు. మేలైన సరుకునే ముందు పాడించి ఉండవచ్చు. తేమ, రంగు, తాలు శాతాలను పాటకు ముందే వేరొకరు కొలిచి రాయాలి, కొలిచేవారికి లాటు వరుస తెలియకూడదు. మార్కెట్ కమిటీ అంగీకరిస్తే కొన్ని రోజులు చీటీ వరుసతో, కొన్ని రోజులు మామూలు వరుసతో పాట జరిపించి పోల్చవచ్చు. ఏ రోజు ఏ పద్ధతి అన్నది కూడా చీటీతోనే తేలాలి. పొలంలో రెండు ఎరువులను పోల్చడానికి యాదృచ్ఛిక బ్లాకులు వేయడం ఈ విశ్వవిద్యాలయాలలో నేర్పుతారు. యార్డులో చేయవలసింది కూడా ఆ ప్రయోగమే. ఇక్కడ బ్లాకు ఒక మార్కెట్ వారం, ప్లాటు ఒక పాట రోజు.